మలుపు దగ్గర కూత

పొద్దు వాలాక ఇంటి ముందు రోడ్డు మీద ఎన్ని బళ్లు పోయినా దుర్గాభవాని తల తిప్పేది కాదు. రైసుమిల్లు పక్కన మలుపు తిరిగేటప్పుడు సన్నగా, కోడిపిల్లని తొక్కినట్టు 'కీ' మని ఒక చప్పుడు వచ్చేది చూశారూ, ఆ ఒక్క చప్పుడికి మాత్రం చేతిలో పనెక్కడిదక్కడ వదిలేసి, చంకలో పిల్లతో సహా లేచి గుమ్మంలోకి వచ్చేది.

ఆ చప్పుడు మొదలై మూడు వారాలవుతోంది. అంతకుముందు మొగుడు త్రినాథ్ ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో రాడో, గేటు గడియ తీసేదాకా తెలిసేది కాదు. అద్దె కారు తోలేవాడి పెళ్లానికి సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిదాకా ఉండే సమయం ఎలాంటిదో ఎవరికి చెబితే అర్థమవుతుంది? ఇప్పుడు మలుపు దగ్గరే తెలిసిపోతోంది. అమ్మయ్య, ఇవాళ్టికి వచ్చేశాడు. గుండెల మీంచి ఎవరో కాలు తీసినట్టుండేది.

"అదిగో, నాన్న కూత" అని కూతురికి చెప్పడం అలవాటయింది. రెండేళ్లు నిండని సింధూరికి నాన్న అనే మాట ఇంకా తిరగలేదు. తండ్రికి "కీ" అనే పేరు పెట్టేసింది.

భవానిది బొబ్బిలి దగ్గర పల్లె. తొమ్మిదో తరగతి సగంలో అమ్మ మంచం పట్టింది. వంట ఎవరు చేస్తారు, తమ్ముళ్లనెవరు చూస్తారు అని మొదలై, ఆ సంవత్సరానికే అనుకున్న బడి మొత్తానికే ఆగిపోయింది. పంతొమ్మిదేళ్లకి మేనత్త కొడుకు త్రినాథ్‌కిచ్చి చేశారు. కిరాయిలు బాగుంటాయని త్రినాథ్ కాపురాన్ని పాతపట్నం మార్చాడు. ఇంటికి ఒక పక్క మిల్లు గోడ, ఇంకో పక్క తుప్పలు మొలిచిన ఖాళీ స్థలం. ఎదురింట్లోకి ఈమధ్యే ఒడిశా లోపలి ఊరినుంచి ఒకామె వచ్చింది. ఆమెకి తెలుగు రాదు, ఈమెకి ఒడియా రాదు. చూసి నవ్వుకుంటారు. రోజు మొత్తంలో భవాని నవ్వేది ఆ ఒక్కసారే అనుకోండి.

మాట్లాడే మనిషి లేకపోతే భయం వచ్చి పక్కన కూర్చుంటుంది. పిల్ల రెండుసార్లు దగ్గితే భయం, గ్యాసు పొయ్యి వాసనేస్తే భయం, అన్నిటికీ మించి ఆ బండంటే భయం. దసరా ముందు ఒకరోజు త్రినాథ్ శ్రీకాకుళం ఆసుపత్రికి పేషెంటుని తీసుకెళ్లాడు. బండి కదిలాక చూస్తే, అది ఆగిన చోట నేలంతా తడి. ఏదో కారిపోతోందని తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. త్రినాథ్ దారిలో బండాపి, కిందంతా వెతికి, పేషెంటు తాలూకు వాళ్లచేత తిట్లు తిన్నాడు. తీరా అవి ఏసీ నీళ్లు. ఆ కథ కార్ల స్టాండుకి పాకింది. "ఏటి త్రినాథూ, మీ ఆవిడ ఏసీ నీళ్లకి గోలెట్టేసిందట" అని నెల్లాళ్లు ఆడిపోసుకున్నారు.

ఆ ఫోన్లు చేసిన రాత్రి త్రినాథ్ అరవలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "సూడు భవానీ, పాప సంగతి నువ్వు సూసుకో. బండి సంగతి నాకొదిలేయ్" అన్నాడు. అరిచినా బాగుండేది.

అయినా బండి పని పూర్తిగా తప్పలేదు. పొద్దున్నే అతను లేవకముందే కారు కడగడం ఆమె వంతు. కడిగి, బానెట్ ఎత్తి, మూడు డబ్బాలు చూడాలి. అద్దం తుడుచుకునే నీళ్లు, రేడియేటర్ నీళ్లు, బ్రేక్ ఆయిల్. ఏదైనా గీత కిందకి దిగితే తనకి చెప్పమన్నాడు. చెప్పమన్నాడంతే, పొయ్యమనలేదు.

శుక్రవారంనాడు బ్రేక్ ఆయిల్ గీత కిందకి దిగి కనిపించింది. భవాని బండి కిందకి వంగి చెయ్యి పెట్టి తడిమింది, పాత గుడ్డతో నాలుగు చక్రాల వెనకా తుడిచి చూసింది. ఎక్కడా చెమ్మ లేదు. చెబితే ఏమంటాడో ముందే వినిపించింది. మళ్లీ మొదలెట్టినావా, అంటాడు. జూలైలో సర్వీసయింది, ఆ వారమే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి తీసుకెళ్తే ఆర్టీవో ఆఫీసువాళ్లు చూసి సంతకం పెట్టారు, నీకంటే వాళ్లకి తెలీదా, అంటాడు. డిక్కీలో సర్వీసునాడు మిగిలిన ఆయిల్ సీసా ఉంది. పై గీతదాకా పోసి మూత బిగించేసింది. ఖాళీ అయిన సీసాని వంటింట్లో డబ్బాల వెనక దాచింది.

పోసిందన్నమాటే గానీ మనసు కుదురుగా ఉండలేదు. సర్వీసునాడు పిల్లకి టీకా వేయించి వస్తూ తనూ షెడ్డులో కూర్చుంది. అప్పుడు మెకానిక్ ఎల్లాజీ అరిగిన బ్రేక్ ప్యాడు ఒకటి చేతిలో పెట్టి చూపించాడు. వెనక ఇనప రేకు, దాని మీద నల్లటి దళసరి మందు. "ఈ మందే బండిని ఆపీది. రెండు రూపాయి బిళ్లలు ఒకదానిమీదొకటి ఎట్టు, అంత మందం కన్నా తగ్గితే మార్సీడమే. సర్వీసుకీ సర్వీసుకీ మజ్జిన నెలకోపాలి సూసుకోవాల. నీ మొగుడు సూడడు, నువ్వు సూడు" అన్నాడు నవ్వుతూ.

ఆదివారం మధ్యాహ్నం త్రినాథ్ నిద్రపోతుంటే భవాని రెండు రూపాయి బిళ్లలు పట్టుకుని వెళ్లింది. చక్రానికుండే బొక్కల్లోంచి ఫోన్ లైటు వేసి చూసింది. ప్యాడు కనిపించింది. బిళ్లలు వేళ్ల మధ్య పట్టుకుని పక్కన పెట్టి పోల్చింది. మూడు బిళ్లల మందం ఉంది. రెండో పక్కా అంతే. ఎవరూ లేకపోయినా పైకే అంది, "బాగానే ఉన్నాది." తొమ్మిదో తరగతిలో లెక్క సరిగ్గా వచ్చినప్పుడు ఉండేంత సంతోషం వేసింది.

మర్నాడు కార్తీక సోమవారం. బజార్లో బట్టల కొట్టు బంగారురాజు కుటుంబాన్ని మహేంద్రగిరి తీసుకెళ్లాలి. ఒడిశా వైపు కొండ, ఎక్కడం ఒక ఎత్తయితే దిగడం రెండెత్తులు. త్రినాథ్ ఆరింటికి తయారయ్యాడు. సింధూరి బుగ్గ గిల్లి, అద్దం మీద గంధం బొట్టు సరిచూసుకుని, డీజిల్ కొట్టించి అటునుంచటే బజారుకి వెళ్తానని చెప్పి బయల్దేరాడు. మలుపు దగ్గర 'కీ' మంది.

"ఎల్లొస్తాడమ్మా" అంది భవాని.

ఆ తర్వాతే సీసా గుర్తొచ్చింది. డిక్కీలో సీసా లేదని త్రినాథ్ ఇవాళ కాకపోతే రేపు చూస్తాడు. అలాంటిదే ఇంకోటి తెచ్చి పెట్టేస్తే గొడవుండదు. ఎల్లాజీకి ఫోన్ చేసింది.

"బాబాయ్, బ్రేకాయిలు సీసా నీ షెడ్డులో దొరుకుతాదా?"

"నీకెందుకే అది? సర్వీసులోన నిండా పోసినాను కదా."

"కొంచెం తగ్గినాది. నేనే పోసినాను."

"ఊరికినే తగ్గడానికి అదేటి, బండి తాగీసీ డీజిలా? ఎక్కడైనా కారినాదేటి?"

"లేదు బాబాయ్. గుడ్డెట్టి తుడిసి సూసినాను."

"మరైతే ప్యాడ్లు అరిగినట్టు. ప్యాడు అరిగిన కొద్దీ దాన్ని నెట్టీ పిస్టను ముందుకి జరుగుతాది, ఆ ఖాళీలోకి ఆయిలు దిగుతాది. ఆయిలు తగ్గితే మీటర్లోన ఎర్ర లైటు ఎలుగుతాది, డ్రైవరుకి తెలుస్తాది. నువ్వు నింపీసినావు. ఇంక లైటేటి ఎలుగుతాది?"

భవాని చెయ్యి కొంగు ముడిలో బిళ్లల మీదకి పోయింది. "ప్యాడ్లు కూడా సూసినాను. మూడు బిళ్లలున్నాయి."

"బొక్కలోనుండి సూసినావా?"

"ఆ."

"అది బయటి ప్యాడు తల్లీ. లోపల ఇంకోటుంటాది. పిన్ను తుప్పెక్కి పట్టీసినాదనుకో, బయటిది కులాసాగా కూకుంటాది. సాకిరీ అంతా లోపలిదే సేసి అరిగిపోతాది. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి, సక్రం ఎనకనుండి లైటేసి సూడాల." అంతలో ఎల్లాజీ ఇంకోటి అడిగాడు. "బ్రేకేసినప్పుడు సౌండొస్తందా? సన్నగా, కీసుమని?"

భవాని మలుపు వైపు చూసింది.

"ఆ లోపలి ప్యాడుకే సిన్న రేకు ముక్కుంటాది. మందు ఆఖరికొచ్చినప్పుడు ఆ రేకు సక్రంతో తిరిగీ డిస్కుకి రాసుకుని అరుస్తాది. నన్ను మార్సండ్రా అని. వస్తందా, లేదా?"

"వస్తన్నాది."

"ఎన్నాళ్లనుండి?"

"మూడు వారాలు."

"మూడు..." ఎల్లాజీ గొంతు మారింది. "బండెక్కడున్నాదిప్పుడు?"

"మహేంద్రగిరి కిరాయి."

"ఆపు" అన్నాడు ఎల్లాజీ. "ఎలాగోలాగ ఆపు."

త్రినాథ్‌కి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తడు, ఎందుకెత్తుతాడు? బండి నడిపేటప్పుడు ఫోను ముట్టుకోనని పిల్ల తల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నది తనే. ఆ ఫోను ఈపాటికి డాష్‌బోర్డు అరలో గొంతు నొక్కి పడి ఉంటుంది.

తలుపు దగ్గరకి వేసి, పిల్లని చంకనేసుకుని బయల్దేరింది. చెప్పులేసుకుందో లేదో కూడా చూసుకోలేదు. ఆ పొద్దున్న ఒక్క ఆటో రాలేదు. మిల్లు దాటి, పెట్రోలు బంకు దాటి నడిచింది, నడక కాస్తా పరుగయింది. మూడు వారాలు. పదిహేనుసార్లు కొండ ఘాటీలెక్కి దిగాడు ఈ మూడు వారాల్లో. ప్రతి సాయంత్రమూ తను ఆ కూత కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది. అది ఆపదని చెబుతుంటే, తనేమో వచ్చాడు వచ్చాడని పిల్లకి నేర్పింది.

బజారు వీధిలో బంగారురాజు కొట్టు ముందు తెల్ల కారు ఆగి ఉంది. డిక్కీలోకి పులిహోర గిన్నెలు, పూల బుట్ట ఎక్కించేశారు. బంగారురాజు ముందు సీట్లో, ఆయన భార్య కమలాదేవి, ఇద్దరు చెల్లెళ్లు వెనక సర్దుకున్నారు. ముందు చక్రాల కింద చెరో నిమ్మకాయ పెట్టి ఉంది. తొక్కించి బయల్దేరడమే. త్రినాథ్ దండం పెట్టుకుని తాళం తిప్పాడు.

డ్రైవర్ల ఇళ్లలో ఒక కట్టడి ఉంది. బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదు. పర్సు మరిచిపోయినా సరే, ఎదురుగా వెళ్లి ఇవ్వాలి తప్ప పేరెత్తి పిలవకూడదు. అత్త సుభద్రమ్మ పెళ్లయిన మర్నాడు చెప్పిన మొదటి మాట అదే. ఎదురుగా వెళ్లడానికి భవానికి ఇంకా పదడుగులున్నాయి. బండికి వెనకుంది.

"బావా" అని పిలిచింది.

ఆ గొంతుకి వీధిలో పాలవాడు కూడా తిరిగి చూశాడు. ఇంజను ఆగింది. త్రినాథ్ తలుపు తోసుకుని దిగాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఏటయినాది? పాపకేటయినాది?"

"పాప బాగుంది. బండి ఎల్లకూడదు బావ."

కారులోంచి కమలాదేవి తల బయటపెట్టింది. "శివుడి దగ్గరకి ఎల్తంటే ఎనకనుండి పిలుస్తావేటమ్మా? ఇంట్లో పెద్దలెవరూ సెప్పలేదేటి?"

"ఈవిడే కాదేటి ఏసీ నీళ్లావిడ?" అన్నాడు బంగారురాజు నవ్వుతూ. "ఇవాళేటి కారిందమ్మా?"

చెల్లెళ్లిద్దరూ కొంగులడ్డం పెట్టుకున్నారు. త్రినాథ్ దవడ బిగిసింది. దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "ఇంటికెల్లు" అన్నాడు.

"ఎల్తాను. స్టీరింగు తిప్పి ఒక్కపాలి సూడు. లోపలి ప్యాడు. బయటిది కాదు, లోపలిది. కీసుమంటన్నాది కదా, అదే. ఏటీ లేకపోతే నన్ను ఇక్కడే తిట్టు, అందరి ముందరా తిట్టు. నోరెత్తను ఇంకెప్పుడూ."

త్రినాథ్ ఆమె కాళ్ల వైపు చూశాడు. చెప్పుల్లేవు. ఎడమ బొటనవేలు దగ్గర నెత్తురు చారిక. ఏమనుకున్నాడో, తిరిగి ఎక్కి కూర్చున్నాడు. ఇంజను వేసి స్టీరింగు ఆ చివరిదాకా తిప్పి, దిగి, ఎడమ చక్రం వెనక మోకాళ్ల మీద కూలబడి ఫోన్ లైటు వేశాడు.

చాలాసేపు లేవలేదు. బంగారురాజు దిగొచ్చి వంగి చూశాడు. ఆయనకేం తెలుస్తుంది, అయినా చూశాడు. మందుండాల్సిన చోట కాగితమంత నల్ల గీత మిగిలింది. ఒక మూలయితే అదీ లేదు. ఇనుము డిస్కుని గీకిన చోట కొత్త కత్తిపీటలా తళతళమంటోంది.

త్రినాథ్ మోకాళ్లు దులుపుకుని లేచాడు. "స్టాండులోన కొండబాబు బండి పిలుస్తానండి. పది నిమిషాల్లో వస్తాది. ఇది కొండెక్కదు."

"ఎక్కదా?" అంది కమలాదేవి.

"ఎక్కేస్తాదమ్మా" అన్నాడు త్రినాథ్. "దిగడమే."

ఆ తర్వాత నవ్వులు లేవు. కమలాదేవి కారు దిగి, చక్రాల కింద ఉన్న రెండు నిమ్మకాయలూ తనే తీసింది. ఒకటి స్టీరింగుతో పాటు చక్రం తిరిగినప్పుడు సగం నలిగింది. ఎక్కడ పారేయాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది. సామాను దింపడంలో పడి భవానిని ఎవరూ పట్టించుకోలేదు. త్రినాథ్ ఎల్లాజీతో ఫోన్లో మాట్లాడుతూ అటు తిరిగి ఉన్నాడు. కాసేపు చూసి, పిల్లని రెండో చంకకి మార్చుకుని, వచ్చిన దారినే నడిచింది. ఈసారి రాళ్లు గుచ్చుకోవడం తెలిసింది.

ఇంటికొచ్చి పిల్లని దింపి, కాలి నెత్తురు కడుక్కుంది. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. అమ్మకి చెబితే ఏడుస్తుంది, అత్తకి చెబితే వెనకనుంచి పిలిచావా అంటుంది. ఎదురింటామె గుమ్మంలో నిలబడి నవ్వింది. భవాని నవ్వబోయింది గానీ నోరు వంకరపోయింది. ఆమె ఏదో అడిగింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. "బాగానే ఉన్నాది" అంది భవాని తెలుగులో, తలూపి లోపలికొచ్చేసింది.

సాయంత్రం గేటు చప్పుడుకి ఉలిక్కిపడింది. బండి ఎప్పుడొచ్చిందో తెలియలేదు.

త్రినాథ్ మెట్టు మీద కూర్చుని జేబులోంచి అరిగిన ప్యాడు తీసి పక్కన పెట్టాడు. భవాని మంచినీళ్లిచ్చి గుమ్మం లోపలే నిలబడింది. సింధూరి వచ్చి ప్యాడు పట్టుకుంటే త్రినాథ్ దాని చేతిలోంచి తీసి మళ్లీ కింద పెట్టాడు.

"ఎల్లాజీ కొత్త ప్యాడ్లు ఎయ్యడానికి పిస్టను ఎనక్కి నొక్కినాడు" అన్నాడు. "ఆయిలు డబ్బా పొంగిపోయి కిందంతా కారినాది. నిండా ఉంటేనే అలా పొంగుతాది."

"నేనే పోసినాను."

"ఎల్లాజీ సెప్పినాడు."

"నువ్వు తిడతావని సెప్పలేదు. సీసా దాసీసినాను."

త్రినాథ్ గ్లాసులో నీళ్లు సగం తాగి మిగిలినవి కాళ్ల మీద పోసుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు, తడి పోయాక కూడా.

"గురువారం లైటెలిగినాది" అన్నాడు. "మెలియాపుట్టి ఘాటీ దిగుతుంటే. ఎర్రగా ఎలిగి ఆరిపోయినాది, మళ్లీ ఎలిగినాది. కిరాయివాళ్లు ఎనకాల అంత్యాక్షరి ఆడుకుంటన్నారు. నా సేతులు సెమటలు పట్టీసినాయి. శనివారం ఎల్లాజీ దగ్గరకి ఎల్దామనుకున్నాను. శనివారానికి లైటు లేదు. సరే, అదే సర్దుకున్నాది అనుకున్నాను. ఆ సౌండు కూడా దుమ్ముకొస్తందనుకున్నాను."

"నాకు సెప్పలేదు."

"నీకు సెప్తే నువ్వు పడుకుంటావేటి?"

ఒకే మంచం మీద శుక్ర, శని, ఆది, మూడు రాత్రులు, ఇద్దరి మధ్యా పిల్ల నిద్రపోతుంటే, అతను లైటు సంగతి దాచుకుని అటు తిరిగి, తను సీసా సంగతి దాచుకుని ఇటు తిరిగి పడుకున్నారు.

కూత సంగతి ఇంకా మిగిలే ఉంది. మూడు వారాలూ ఆ చప్పుడు వింటూ ఎందుకు చెప్పలేదని అతను అడగలేదు. నువ్వొస్తున్నట్టు తెలిసేది బావ, అందుకని, అని ఏ నోటితో చెబుతుంది.

మర్నాడు పొద్దున్న కారు కడుగుతుంటే త్రినాథ్ లేచొచ్చాడు. ఎన్నడూ లేనిది, "ఎక్కి కూకో" అన్నాడు. "నేను సెప్పినప్పుడు తిప్పు."

భవాని డ్రైవరు సీట్లో మొదటిసారి కూర్చుంది. కాళ్లు సరిగ్గా అందలేదు. అక్కడినుంచి చూస్తే ఇల్లు పక్కకి జరిగిపోయి, ముందున్నదంతా రోడ్డే. మిల్లు గోడ, ఆ తర్వాత మలుపు, ఆపైన ఏమీ లేదు. రోజంతా ఇతను చూసేది ఇదా అనుకుంది. వెనక సీటు నిండా మనుషులుంటారు, ఎవరూ ఇతనితో మాట్లాడేవాళ్లు కాదు.

"తిప్పు" అన్నాడు త్రినాథ్ కిందనుంచి. తిప్పింది. "ఇంకొంచెం. ఆపు. ఆ బిళ్లలు తే."

కొంగు ముడిలోంచి రెండు రూపాయి బిళ్లలు తీసి కిటికీలోంచి ఇచ్చింది. "లోపలిది బాగుంది" అన్నాడు. కాసేపటికి, "బయటిదీ బాగుంది" అన్నాడు. బిళ్లలు తిరిగి ఇచ్చి, స్నానానికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం భవాని పిల్లతో గుమ్మంలో కూర్చుంది. బళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. మలుపు దగ్గర లైటు పడినప్పుడల్లా మెడ సాచి చూస్తోంది. ట్రాక్టరు, లారీ, ఎవరిదో తెల్ల కారు, అదీ ఆగకుండా పోయింది. ఇవాళనుంచి ప్రతి బండినీ చూడాలి.

సింధూరి ఒళ్లో కదిలి రోడ్డు వైపు వేలు చూపించింది. "కీ?"

"లేదమ్మా" అంది భవాని. "ఇంక కుయ్యదు."

కొంగు ముడిలో బిళ్లలు తడుముకుంది. ఇవాళ రాగానే కూత సంగతి కూడా చెప్పేయాలి. నవ్వితే నవ్వనీ. మలుపు దగ్గర ఒక్కసారి హారను కొట్టమని అడగాలి. పెద్ద పనేం కాదు, ఒక్కసారి. ఏ మాటతో మొదలుపెట్టాలా అని వెతుక్కుంటూ, మిల్లు గోడ మీద ఇంకో బండి వెలుతురు పడితే అటు చూసింది.